అత్త అడిగి చేయించుకున్న ఆపరేషన్

మా మేనత్త పోయిందని మొన్న ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు. "మళ్ళీ ఆ జబ్బేనా?" నా నోట ముందు వచ్చిన మాట అదే.

"కాదు వదినా. కాఫీ తాగి, పేపరు సూస్తా అలా ఒరిగిపోయింది. గుండెపోటంట."

ఎనభై ఎనిమిదేళ్ళు. ఏడుస్తూనే ఊపిరి పీల్చుకున్నాను. యాభై ఏళ్ళకు పైగా నాలో దాక్కున్న భయం ఆ మాటతో పోయింది.

అత్త చోడవరం ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. అరవైల చివర్లో, ముప్పై ఏళ్ళు దాటాయో లేదో, క్యాన్సరని విశాఖపట్నంలో ఎడమ రొమ్ము తీసేశారు. ఆ తర్వాత జాకెట్టులో పాత గుడ్డ మడిచి పెట్టుకునేది. ఒకరోజు బోర్డు మీద రాస్తుంటే అది జారి కిందపడింది. ఆ క్లాసులో నేనూ ఉన్నాను. ఎవరూ నవ్వలేదు. అత్త వంగి తీసుకుని, లెక్క పూర్తి చేసి మరీ బయటికి వెళ్ళింది.

కొన్నేళ్ళకి, కాలిన ఒళ్ళు బాగుచేసే డాక్టరొకాయన రొమ్ము కూడా తిరిగి చెయ్యగలడని విని, చేయించుకుంటానంది. నాయనమ్మ మండిపడింది.

"పేణం దక్కింది, సాలదేటే? మళ్ళీ కోతలెందుకు?"

"పేణం దక్కింది కాబట్టే అడుగుతన్నానమ్మా. సచ్చిపోతే నాకెందుకు?"

మావయ్య మాత్రం, "ఎప్పుడెల్దాం?" అన్నాడు.

ఆసుపత్రికి తోడుగా నేను వెళ్ళాను. పొట్ట మీది చర్మాన్ని కొవ్వుతో సహా గొట్టంలా చుట్టి, ఒక కొస పొట్టకే ఉంచి, రెండో కొసని మొదట మణికట్టుకి అతికించారు. వారాల తరబడి చెయ్యి పొట్టకి కట్టేసే ఉంది. నేనే తినిపించేదాన్ని, తల దువ్వేదాన్ని. "ఒసే, మెల్లగానే. జుట్టు కూడా కొత్తది అతికించాలా ఏటి?" అనేది.

తర్వాత ఆ గొట్టాన్ని చేతి మీదుగా ఛాతీకి చేర్చారు. ఆఖరి ఆపరేషనైన మర్నాడు అంచు నల్లబడింది. అతికించింది నిలవకపోతే ఇన్ని నెలల బాధా వృథాయేనన్నారు డాక్టరు. రెండు రోజులు అత్త ఒక్క హాస్యమూ ఆడలేదు. నా చెయ్యి వదల్లేదు. మూడో రోజు పొద్దున్న ఆయన వేలితో నొక్కి వదిలారు. తెల్లబడ్డ చోటికి మెల్లగా ఎరుపు తిరిగొచ్చింది.

"నిలిచిందమ్మా."

అత్త అద్దం అడిగింది. రెండోదాని పోలిక లేదు, చనుమొన లేదు, చుట్టూ కుట్లు. చాలాసేపు చూసుకుంది. "పొట్టకాడిది పైకొచ్చి కూసుంది. ఇంట్లోదే కదే, పరాయిది కాదు" అని నవ్వింది.

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా, "ఒళ్ళు సూసుకుంటన్నావా, గుంటా?" అని అడగకుండా పెట్టేసేది కాదు. నాకు డెబ్బై దగ్గరపడుతున్నా ఆవిడకి నేను చిన్నపిల్లనే, గుంటనే.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే మాత్రం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే కనిపిస్తోంది. చోడవరంలో బస్సు దిగేసరికి వాన. అందరూ కొట్ల చూరుల కిందికి పరిగెత్తారు. చీర ఒంటికి అతుక్కుపోతున్నా పట్టించుకోకుండా, రెండు చేతులూ ఊపుకుంటూ, అత్త నడిరోడ్డు మీద నడిచి వెళ్తోంది.