మంచిరోజు కోసం దాచిన బూట్లు

నేను చెప్పేదాంట్లో నాలుగో వంతు నమ్మితే చాలు. ఇంట్లోకి పిల్లి దూరితే వీధిలోకి పులి దిగిందని చెప్పే రకాన్ని. ముందే ఒప్పుకుంటున్నాను, తరవాత నన్ను అనకండి.

యాభై దగ్గరపడుతుండగా నాకు ట్రయథ్లాన్ పిచ్చి పట్టింది. ముందు సముద్రంలో ఈదాలి, ఆ తడితోనే సైకిల్ తొక్కాలి, ఆపైన పరుగెత్తాలి. ఒకే మనిషిని మూడు రకాలుగా చంపే పద్ధతి. ఇందులోకి నన్ను లాగినవాడు మా ఆవిడ అన్న. శ్రీకాకుళంలో ఎరువుల కొట్టు. మా ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. పందేనికి పేర్లు ఇచ్చిన రోజు టీ కొట్టు దగ్గర వాడే అన్నాడు:

"ముందో ఎనకో కాదు బావా. ఇద్దరం ఒక్కపాలి గీత దాటాల. నువ్వు పడిపోతే నేనాగుతాను, నేను పడిపోతే నువ్వాగు."

స్నేహితుడని చెప్పుకోడానికి నాకు వాడు తప్ప ఎవరూ లేరు. పతకం సంగతి ఎలా ఉన్నా, ఆ గీత వాడి పక్కన దాటాలన్నదే నా ఆశ.

వంశధార కాలవలో ఈత నేర్చాం. అక్కడొక గేదె నాతో పందెం వేసుకుని రోజూ గెలిచేది. తరవాత కళింగపట్నం దాకా సైకిళ్లు. ఎండుచేపల వాసన తగలగానే నా సైకిల్ దానంతటదే వేగం పెంచుకునేది. పరుగు మాత్రం పాత కాన్వాసు బూట్లతో. వాటి అడుగు ఎంత అరిగిందంటే, రోడ్డుమీద రూపాయి బిళ్ల తొక్కితే బొమ్మో బొరుసో చెప్పగలిగేవాణ్ణి.

కొత్తవి లేక కాదు. మంచివే కొన్నాను. మా ఆవిడ బూట్లకి పసుపు పెట్టకూడదని వాటి అట్టపెట్టెకి పెట్టి, బీరువాలో దాచేసింది.

"కొత్తయి పందెం రోజునే తియ్యాల. ఇప్పుడే రోడ్డుమీద ఈడ్సేస్తే ఆ రోజుకి ఏటి మిగుల్తాది?" అంది.

నాకూ సబబుగానే తోచింది. పండక్కి కుట్టించిన చొక్కా నెల ముందే తొడుక్కు తిరిగేవాడు మా వైపు ఎవడున్నాడు? బావ కొట్టుకెళ్లి గొప్పగా చెప్పాను. వాడు తన పాత బూట్లకి జిగురు రాసుకుంటున్నాడు.

"పెట్టెలోనే ఉంచు బావా, పెళ్లికూతుర్నాగ," అని నవ్వాడు.

కొత్త బూట్లు కరుస్తాయని వాడికి తెలుసు. ఆ నవ్వు నాకు ఆలస్యంగా అర్థమైంది.

ముందురోజు సరంజామా అంతా మంచం మీద పరిచాం. కళ్లద్దాలు, హెల్మెట్, నంబరు కాగితం, పిన్నీసులు, నువ్వుండలు. కొత్త ఈత సూటు నాలుగు మూలలకీ పసుపు రాద్దామని చూసి, దానికి మూలలే దొరక్క, మా ఆవిడ భుజాల మీద రాసింది.

పందెంలో సగం సముద్రం తాగేశాను గాని ఈత అయింది. సైకిలూ అయింది. ఇద్దరం పక్కపక్కనే వచ్చాం. అప్పుడు పెట్టె తెరిచి, తడికాళ్లు కొత్త బూట్లలో దూర్చాను. రెండో మలుపు తిరిగేసరికి మడమల మీద కోడిగుడ్లంత బొబ్బలు లేచి పగిలాయి.

"ఏటైనాది బావా?" అని వాడు ఆగాడు.

"కాళ్లు కొరికేసాయి. నువ్వెల్లిపో."

"మాటనుకున్నాం కదా. నడుద్దాం, పద."

"ఎల్లమన్నాను కదా. ఒకడైనా దాటాల."

వాడు నా భుజం తట్టి కదిలాడు.

బూట్లు చేత్తో పట్టుకుని, కాలే తారు మీద నడిచాను. నేను చేరేసరికి గీత దగ్గర గాలి నింపి నిలబెట్టిన తోరణాన్ని గాలి తీసి మడతపెడుతున్నారు. బావ మెడలో పతకంతో షామియానా నీడన ఉప్మా తింటున్నాడు.

"వచ్చీసావా బావా? ఉప్మా అయిపోతన్నాది, బేగి రా," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో కారులో వాడు పాటలు పెట్టుకున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

గేదెని కాస్త పెంచాను, బొబ్బల్ని కాస్త ఉబ్బించాను. అది నా జబ్బు. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే. దారిలో వాడు ఆగలేదు. నేను పిలిచాను. వెనక్కి చూశాడు, చెయ్యి ఊపి పోయాడు. ఆ నాలుగు మాటలూ కారులో కూర్చుని నేనే అల్లాను, ఇంట్లో చెప్పాలి కదా, ఆవిడకి అన్నాయె. ఇప్పుడు చుట్టాల దగ్గర వాడు కూడా అలాగే చెబుతున్నాడు.