ఆరు పేర్లకూ ఒకే మనిషి

మొన్న ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్ మీదుగా వస్తుంటే టాక్సీ ఆగిపోయింది. పక్కనే ఒక గోదాము గేటుకు ఉద్యోగుల వెల్‌నెస్ శిబిరం అని బ్యానరు కట్టారు, లోపల పనివాళ్ళు వరుసగా నిలబడి నవ్వుకుంటూ బీపీ చూపించుకుంటున్నారు. డ్రైవరు విసుక్కుంటున్నాడు గాని, నాకు మాత్రం ఇంకాసేపు బండి కదలకపోతే బాగుండుననిపించింది. మా వదిన గుర్తొచ్చింది.

మా రోజుల్లో ఈ వెల్‌నెస్ అన్న మాటే లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, యజమానుల చుట్టూ తిరిగి, పనివాళ్ళ ఆరోగ్యం చూసుకుంటే మీకే మేలని ఒప్పించి, పరీక్షలూ సలహాలూ ఏర్పాటు చేసే చిన్న సంస్థలో పనిచేసేవాణ్ణి. అదే ఊళ్ళో, భవానీపూర్‌లో అన్నయ్య ఇంట్లోనే ఉండేవాణ్ణి. వదిన నర్సు, శ్రీకాకుళం నుంచి డాక్ పనికి వచ్చిన కుటుంబంలో వాట్‌గంజ్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. ఆవిణ్ణి చేసుకుంటానని బ్యాంకు ఆఫీసరైన మా అన్నయ్య అన్నప్పుడు ఇంట్లో జరిగిన రభస అంతా ఇంతా కాదు, అది వేరే కథ. సెలవు రోజుల్లో వదిన నాకు తోడుగా వచ్చి పరీక్షలు చేసిపెట్టేది.

మాకు దొరికిన మొదటి గోదాము వాట్‌గంజ్‌లోదే. పొద్దస్తమానం బస్తాలు మోసే వాళ్ళను కూర్చోబెట్టి, రోజూ అరగంట నడిస్తే ఒంటికి మంచిదని ఉపన్యాసమిచ్చిన ఘనుణ్ణి నేను. వాళ్ళు పాపం మర్యాదగా విన్నారు. అంతకన్నా పెద్ద తెలివితక్కువ పని, ఎవరికి ఏ జబ్బుందో పేర్లతో సహా రాసిస్తానని యజమానికి ముందే మాటివ్వడం.

నేను తల వంచుకుని పేర్లు రాస్తున్నాను, వదిన పట్టీ కట్టి బీపీ చూస్తోంది. అందరికీ భేషుగ్గా ఉంది. తిరుగు బస్సులో నేను పొంగిపోతుంటే ఆవిడ నావైపు జాలిగా చూసింది.

“ఏటి మరిదీ, మొకాలు సూడకుండానే రాసేసినావా? ఆరు పేర్లకీ ఒకడే వొచ్చినాడు. సొక్కాలు మార్సుకున్నాడంతే.”

బస్తాలు మోసే ముఠాలో ఒకడు పనికిరాడని తేలితే యజమాని ముఠా మొత్తాన్నీ మార్చేస్తాడట. అందుకని గట్టివాడొకడు మిగతావాళ్ళ పేర్లతోనూ వచ్చి కూర్చున్నాడు. ఆ మిగతావాళ్ళలో ముఠా పెద్ద కూడా ఉన్నాడు, వదినకు స్వయానా చిన్నాన్న. కొన్నాళ్ళుగా బస్తా ఎత్తగానే కళ్ళు తిరుగుతున్నాయట. పరీక్షకు వస్తే పని పోతుంది, రాకపోతే మనిషే పోతాడు.

మర్నాడు వదిన నన్ను వెంటబెట్టుకుని యజమాని దగ్గరికి వెళ్ళింది. లెక్కలిస్తాను గాని పేర్లివ్వనంది. పేర్లు లేని లెక్క నాకెందుకని ఆయన కోప్పడ్డాడు. వదిన తగ్గలేదు, ముందు మీ బీపీ చూద్దాం దాదా అని, అన్నగారిని పిలిచినట్టే పిలిచి పట్టీ తీసింది. ఆయన నవ్వుతూనే కూర్చున్నాడు. వచ్చిన అంకె రెండు వందలు దాటింది. దీన్ని మీ పేరుతో గేటుకు అంటించమంటారా అని బెంగాలీలో ఎంతో మెల్లగా అడిగింది.  ఆయన చివరికి పేర్లు వద్దన్నాడు, జబ్బు చేసినవాళ్ళకు తేలికపని ఇస్తానని మేస్త్రీని పిలిచి మా ఎదుటే చెప్పాడు.

ఆ మధ్యాహ్నమే చిన్నాన్న తనంతట తాను వచ్చాడు. బీపీ చూసిన వదిన పట్టీ విప్పకుండానే లేచి నిలబడింది. అటునుంచటే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మనిషి దక్కాడు, ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే ముఠాలో పనిచేశాడు.

ఆ దెబ్బతో పేర్లు బయటపెట్టకూడదన్నది మా సంస్థలో నియమమైపోయింది. దాన్ని నేనే కనిపెట్టినట్టు ఎన్నో కంపెనీల్లో చెప్పుకున్నాను, మెప్పూ పొందాను. వదిన పోయింది. నేను రిటైరయ్యేముందు ఒక పెద్ద కంపెనీ వాళ్ళు, ఇప్పుడంతా కంప్యూటరే కదా, పేర్లతో పంపించండి అన్నారు. పంపించాను. ఈ రోజుల్లో ఎవరూ కాదనరు, ఎవరూ దాచరు, అందులో తప్పేముందని సర్దిచెప్పుకున్నాను. ఆవిడ ఉంటే ఆ పని చేసేవాణ్ణి కాదు. ఆ మంచితనం నాదేననుకున్నాను ఇన్నేళ్ళూ, అది ఆవిడ పక్కనున్నన్నాళ్ళే నాది.