పట్టి విడిచిన చేయి

"సార్ మనల్ని ఇడిసిపెట్టి పోయిండు బిడ్డా." బడి మైదానంలో పిల్లల చేత డ్రిల్లు చేయిస్తుండగా సుగుణమ్మగారి ఫోన్. ఆమె భర్త, నా గురువు, నిజామాబాద్‌లో మాకు ఐకిడో అనే జపాన్ విద్యను నేర్పిన ప్రభుదాస్ సార్ ఆ తెల్లవారుజామున నిద్రలోనే ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. ముందురోజు సాయంత్రమే నన్ను ఎత్తి పడేసిన మనిషి! పడి లేవడమే నా విద్య. అయినా ఆ కబురు విని నిలుచున్నచోటే కూలబడ్డాను. దుఃఖం తర్వాత వచ్చింది, ముందు కోపం వచ్చింది. చెప్పకుండా ఎలా పోతారు?

సార్ బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కార్మికుని కుమారుడు. ఫిట్టర్ పనికి దుబాయి వెళ్లి, అక్కడొక జపాన్ ఇంజనీరు దగ్గర శిష్యరికం చేసి ఈ విద్యను అభ్యసించారు. మా వైపు దుబాయి నుంచి వచ్చేవాళ్లు బంగారం తెస్తారు, టీవీలు తెస్తారు. ఈయన తెచ్చుకున్నది ఈ విద్యకు తొడిగే, లంగాలా కనబడే ఒక నల్ల లాగు! చర్చి వెనక హాలులో వరిగడ్డి కుక్కిన గోనెసంచులు పరిచి తరగతి మొదలుపెట్టారు. మేం పడే చప్పుడుకు ప్రార్థనకొచ్చిన అవ్వలు ఉలిక్కిపడి మమ్మల్ని తిట్టేవారు.

ఎవరైనా మణికట్టు పట్టుకుంటే చేతిని వెనక్కి లాక్కోవడం మన సహజగుణం. సార్‌కు అది గిట్టేది కాదు. "గుంజకు బిడ్డా. పట్టినోని చెయ్యి గూడ పట్టువడ్డట్టే" అనేవారు. నెత్తి మీదికి దెబ్బ వస్తే ఆయన వెనక్కి జరిగేవారు కాదు. ఆ దెబ్బలోకే అడుగు వేసి, కొట్టేవాడి మోచేతిని అందుకుని, వాడి ఊపుతోనే వాడిని బోర్లా పడేసేవారు. ఆ పైన భుజం కదలకుండా చేతిని మెలిపెట్టి అదిమేవారు. నొప్పి ఓర్వలేనివాళ్లు అరచేత్తో నేలను కొట్టాలి, అదే మాకు గుర్తు. "నేల సప్పుడు ఇనవడ్డదంటే ఎంత కోపమున్నా ఇడువాలె. ఇడుసుడొస్తెనే పట్టుడొచ్చినట్టు" అన్న మాట ఆయన నోట వినని శిష్యులు లేరు.

ఆ మాటకు అర్థం నేను కళ్లారా చూశాను, చాలా ఏళ్ల కిందట బోధన్ దగ్గర ఒక ఊరి జాతరలో. అక్కడ కుస్తీ పోటీలంటే జనానికి ప్రాణం. కొబ్బరికాయ బహుమతిగా పెట్టే చిన్న కుస్తీలు అయిపోయి, వెండి కడెం గెలుచుకునే చివరి కుస్తీకి ముందు మా ప్రదర్శన పెట్టారు. నేను సార్ చేయి పట్టుకోవడం, గిరగిరా తిరిగి పడటం. జనం నవ్వారు. చెరుకు నరికే సాయిలు అనే పైల్వాన్ బరిలోకి దిగాడు.

"అక్క ఊకెనే పడుతున్నది. నా పట్టు ఇడిపిచ్చుకో సార్, సూద్దాం" అంటూ సార్ మణికట్టును కుడిచేత్తో బిగించాడు.

సార్ కదల్లేదు. డప్పులు ఆగిపోయాయి. సాయిలు బలమంతా పెట్టి గుంజాడు. సార్ అదే దారిలో ఒక్క అడుగు వేసి తిరిగారు. మరుక్షణం సాయిలు ముఖం ఎర్రమట్టిలో ఉంది, కుడిచేయి సార్ ఒడిలో ఉంది. నా గుండె ఉప్పొంగింది. ఇక నన్నెవరూ ఊరికే పడుతున్నదనరు!

"నొప్పైతే నేల కొట్టు తమ్మీ" అన్నారు సార్.

వాడు కొట్టలేదు. ఎందుకు కొడతాడు? కుస్తీలో వీపు నేలకు ఆని చిత్ అయితేనే ఓటమి. బోర్లా పడ్డవాడు ఓడినట్టు కాదు. "చిత్ కాలే! చిత్ కాలే!" అని జనం అరుస్తుంటే, వాడు భుజం మెలిపడుతున్నా పొర్లడానికే పెనుగులాడాడు. ఇంకొంచెం పొర్లితే ఆ కీలు ఊడిపోతుందని నాకు తెలుసు, సార్‌కు తెలుసు, వాడికి తెలియదు. సార్ నుదుట చెమట కారుతోంది.

"సారూ, రేపటిసంది చెరుకు నరుకుడున్నది! ఆ చెయ్యి వోతే మేమేం తినాలె?" జనంలోంచి సాయిలు తల్లి కేక.

సార్ చేయి వదిలేశారు. వదిలితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. సాయిలు పులిలా లేచి, ఆయన నడుం పట్టి, ఎత్తి వెల్లకిలా కొట్టాడు. చిత్! డప్పులు మోగాయి. వాడిని భుజాలకెత్తుకుని ఊరేగించారు.

తిరుగు బస్సు ఎక్కాం. ఉండబట్టలేక "అందరి ముంగట ఓడిపోయినం గద సార్" అన్నాను.

"ఎవలు ఓడిన్రు? ఆని చెయ్యి మంచిగున్నది, నా వీపు మంచిగున్నది" అని నవ్వి, కిటికీకి తలానించి నిద్రపోయారు. ఆ జాతర తర్వాత చాలామంది తరగతి మానేశారు. "పడుడు నేర్పే సార్" అని ఊళ్లో ఎగతాళి. ఆయన పట్టించుకోలేదు. నాకు మాత్రం ఆ మంట చల్లారలేదు.

అంతిమయాత్ర నాడు చర్చివాళ్లు పెట్టె ఎత్తబోతుంటే, వాకిట్లో గుంపును తోసుకుంటూ ఒక మనిషి వచ్చాడు. జుట్టు నెరిసింది గానీ గుర్తుపట్టాను. "నాకింత జాగియ్యిండ్రన్నా" అంటూ సాయిలు కుడిభుజం పెట్టె కింద పెట్టాడు. దారిలో మార్చుకోమని పెద్దలు చెప్పినా వినలేదు. సమాధుల తోట దాకా అదే భుజం.

ప్రార్థన అయ్యింది. అందరూ పిడికెడు మట్టి వేస్తున్నారు. సాయిలు గుంట ఒడ్డున మోకరిల్లి, మట్టి తీయకుండా, కుడి అరచేత్తో నేలను గట్టిగా కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

ఆ చప్పుడుకు సుగుణమ్మగారు తలెత్తి చూశారు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. మహానుభావా, గురుదేవా! మీకు సాటి రాగలవారు ఈ జిల్లాలో లేరు, ఇక రారు. సాయిలు నేల కొట్టాడు సార్. మీరు ఎప్పుడో వదిలేశారు. మేమే ఇంకా పట్టుకుని ఉన్నాం.