తొమ్మిదో మైలు టమాటాలు

కోవిడ్ ఆంక్షలన్నీ తొలగిన మరుసటి ఏడాది, ఏప్రిల్ మొదటి సోమవారం నాడు నాకు కొత్త పోస్టింగ్ ఇచ్చారు. క్యారీ అనే ఊళ్లోని మా ఇంటి నుంచి రెండు గంటలు డ్రైవ్ చేస్తే వచ్చే ఒక పాత రైలు మార్గాన్ని మళ్లీ రైలు నడిచే స్థితికి తేవాలి. పొడవు పదమూడు మైళ్లు. హోదా ప్రాజెక్ట్ ఇంజినీర్. నా కింద ఒక ఫోర్‌మన్, ఆరుగురు ట్రాక్‌మన్లు, కంకరను కూరి పట్టాలను సరిచేసే పాత యంత్రం ఒకటి. గడువు సెప్టెంబర్ మధ్య వరకు. రిటైర్మెంట్‌కి రెండేళ్ల ముందు ఇలాంటి పని అప్పగించడం నాకు చేస్తున్న గౌరవమని ఆఫీసులో అందరూ అన్నారు. ఆ మార్గాన్ని కళ్లారా చూశాక, నన్ను గౌరవించడానికి అందరూ ఎందుకంత తొందరపడ్డారో అర్థమైంది.

మా రంగంతో పరిచయం లేనివారికి రెండు మాటలు. ఈ దేశంలో సరుకు రైళ్లను ఈ తీరం నుంచి ఆ తీరం దాకా నడిపేవి పెద్ద కంపెనీలు. పెద్ద లైను నుంచి చీలి ఏ మిల్లు గేటు దగ్గరో ఆగిపోయే పది పదిహేను మైళ్ల ముక్కలు వాళ్లకు గిట్టుబాటు కావు. వాటిని మాలాంటి చిన్న కంపెనీలు తీసుకుంటాయి. వీటిని షార్ట్‌లైన్లంటారు. ఒకటో రెండో ఇంజన్లుంటాయి. మనుషులు కొద్దిమందే, పనులు మాత్రం అన్నీ.

ఈ మార్గంలో ఒకప్పుడు కలప నడిచేది. కోత మిల్లు మూతపడ్డాక పదకొండేళ్లుగా చక్రం తిరగలేదు. ఇప్పుడు చివరి స్టేషన్ దగ్గర ఉన్న కోళ్ల దాణా మిల్లు పెద్దదవుతోంది, వాళ్లకు వ్యాగన్ల కొద్దీ మొక్కజొన్న కావాలి. సెప్టెంబర్ మధ్యకల్లా మొదటి రైలు రాకపోతే, మిల్లు హెడ్ ఆఫీసు లారీల కోసం కొత్త యార్డు కట్టుకుంటుంది. అప్పుడు మా కంపెనీ పట్టాలు పీకి తుక్కు కింద అమ్మేస్తుంది. అందుకు కావలసిన దరఖాస్తు కూడా సిద్ధంగా ఉందని తర్వాత తెలిసింది.

మిల్లు మేనేజర్ పేరు ప్రసాద్. తణుకు వైపు మనిషి, కోళ్ల పోషణలో డాక్టరేట్ చేసి ఇక్కడే స్థిరపడ్డాడు. మొదటి రోజు ఫోన్‌లో నా పేరు వసుంధర అని వినగానే ఇంగ్లిష్ ఆపేశాడు.

"మన తెలుగువాళ్లేనా మేడం? అమ్మయ్య. అయితే స్ట్రెయిట్‌గా అడుగుతాను. మీ ట్రైన్ నిజంగా వస్తుందా, పవర్‌పాయింట్‌లోనే వస్తుందా?"

"వస్తుంది ప్రసాద్ గారూ" అన్నాను. అప్పటికి నేనింకా మార్గాన్ని చూడలేదు.

మర్నాడు నడక తనిఖీ మొదలుపెట్టాం. మూతపడిన లైనును తెరిచేముందు అర్హత ఉన్న ఇంజినీరు ప్రతి అడుగూ నడిచి చూసి, కాగితం మీద సంతకం పెట్టాలి. ఫోర్‌మన్ డ్వేన్ నాతో నడిచాడు. ముప్పై ఏళ్లుగా పట్టాల పని చేస్తున్న మనిషి, మితభాషి, పట్టాల కింద అడ్డంగా పరిచే చెక్క స్లీపర్ మీద సుత్తితో కొట్టి చప్పుడును బట్టి దాని ఆరోగ్యం చెప్పగలడు. గట్టి చెక్క టక్కుమంటుంది, పుచ్చిన చెక్క ఏమీ అనదు. గంటకు పది మైళ్ల వేగానికి, అంటే అన్నిటికన్నా కింది తరగతి మార్గానికి కూడా, ముప్పై తొమ్మిది అడుగుల పట్టా కింద కనీసం ఐదు మంచి స్లీపర్లు ఉండాలని నియమం. మొదటి మైలులో చాలాచోట్ల డ్వేన్ సుత్తికి ఒక్కటీ బదులు పలకలేదు.

మూడో మైలు దగ్గర పట్టాలే మాయమయ్యాయి. కుడ్జు అనే తీగ ఆ ప్రాంతంలో దేన్నైనా కప్పేస్తుంది. చెట్లను, పాత కార్లను, మా సిగ్నల్ స్తంభాన్ని కూడా కప్పేసింది. మందు కొడదామంటే పక్కనే ఉన్న వాగులో కలుస్తుంది, యంత్రంతో కోస్తే తీగలు దాని ఇరుసుకే చుట్టుకున్నాయి. చివరికి మేకలను అద్దెకు తెచ్చాం. ఇది ఇక్కడ మామూలు వ్యాపారమే, వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవచ్చు. అరవై మేకలు రెండు వారాల్లో మైలున్నర శుభ్రం చేశాయి. వాటిలో ఒకటి నేను స్లీపర్ మీద పెట్టిన ఫీల్డ్ నోట్‌బుక్‌లో మూడో మైలు లెక్కలన్నీ తినేసి నాలుగో మైలును వదిలేసింది. మళ్లీ నడవాల్సి వచ్చింది. డ్వేన్ నవ్వడం నేను ఆ రోజే మొదటిసారి చూశాను.

తొమ్మిదో మైలు దగ్గర వేరే రకం పచ్చదనం ఎదురైంది. రెండు పట్టాల మధ్య, స్లీపర్ల నడుమ, వెదురు కర్రలకు కట్టిన టమాటా మొక్కలు వరసగా నిలబడి ఉన్నాయి. పక్కనే ఒక చిన్న ఇల్లు, వరండాలో ఒక పెద్దావిడ. పేరు మిస్ లొరెయిన్. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, వయసు ఎనభైకి దగ్గర.

నన్ను నేను పరిచయం చేసుకుని, ఇది రైల్వే స్థలమండీ అన్నాను.

"తెలుసు. అందుకే కంచె వేయలేదు" అంది ఆవిడ. "పదకొండేళ్లు చూశాను తల్లీ. ముందే చెప్పి ఉంటే వంకాయలు వేసేదాన్ని కాదు."

చూస్తే వంకాయలు కూడా ఉన్నాయి.

ఆవిడ పేచీ పెట్టలేదు. ఒక షరతు మాత్రం పెట్టింది. మొక్కలను పారేయకూడదు, వేళ్లు చెదరకుండా తవ్వి ఇంటి వెనక్కి మార్చాలి. ఒక శనివారం మా ట్రాక్‌మన్లు ఆరుగురూ ఆ పనిలో ఉన్నారు. రికార్డులో దాన్ని పొదల తొలగింపు అని రాశాను. అంతా అయ్యాక ఆవిడ ఖాళీ అయిన పట్టాల వైపు చూస్తూ, ఎనిమిదేళ్లలో ఆ పాదుకు ఒక్క చెంబు నీళ్లు పోయలేదనీ, ఎక్కడికి మార్చినా ఇలా కాయవనీ చెప్పింది. తోట పెంచేవాళ్లందరూ తమ తోట గురించి ఇలాగే మాట్లాడతారనుకుని నేను తల ఊపాను.

పాత డ్రాయింగులో నీరు పోయే తూము అక్కడికి రెండు వందల అడుగుల తూర్పున ఉంది. నేనే వంగి టార్చి వేసి చూశాను. శుభ్రంగా, పొడిగా ఉంది. తృప్తిగా టిక్కు పెట్టాను. తూము అంత పొడిగా ఎందుకుందని అడగవలసిన మనిషిని నేనే. అడగలేదు.

ఆగస్టు చివరికి స్లీపర్లు మార్చాం, కంకర పోశాం, పట్టాల మధ్య ఎడం సరిచేశాం. సంతకం పెట్టాను. మొక్కజొన్న తెచ్చేముందు ఉత్త ఇంజన్‌ను ఒకసారి నడిపి చూడటం ఆనవాయితీ. సెప్టెంబర్ రెండో వారంలో ఆ పరీక్ష పెట్టుకున్న ఉదయం ప్రసాద్ కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలతో పెద్ద లైను కలిసే జంక్షన్ దగ్గరికి వచ్చాడు.

"చిన్న పూజ మేడం. టూ మినిట్స్. మా ఇంట్లో కొత్త కార్‌కి కూడా చేశాం."

నిమ్మకాయలు చక్రాల కింద పెడతామని డ్వేన్‌కు చెప్పాను. అతను జేబులోంచి నిబంధనల పుస్తకం తీసి, పట్టాల మీద ఉండకూడని వస్తువుల గురించిన పేజీ నిదానంగా చదివి, పండ్ల గురించి ఏమీ లేదని తేల్చాడు. కొబ్బరికాయ కొట్టాం. ఇంజన్ నిమ్మకాయలను నలిపేసి బయలుదేరింది.

ఎనిమిది మైళ్లు ఏ లోపమూ లేదు. తొమ్మిదో మైలు దగ్గర వేగం నడక స్థాయికి తగ్గించమన్నాను. నేను పక్కనే నడుస్తున్నాను. ప్రసాద్ కారు మిస్ లొరెయిన్ ఇంటి ముందు ఆపుకుని వీడియో తీస్తున్నాడు. ముందు చక్రాలు పాత టమాటా పాదు మీదికి రాగానే ఎడమ పట్టా మెల్లగా దిగడం మొదలుపెట్టింది, మెత్తటి పరుపు మీద ఎవరో కూర్చున్నట్టు. కంకర సందుల్లోంచి బురద పైకి వచ్చింది. డ్రైవర్ బ్రేకు వేసేలోపు ముందు చక్రాలు పట్టా దిగి నేలలో కూరుకున్నాయి. పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంజన్ మాత్రం మిస్ లొరెయిన్ ఇంటి వైపు కొంచెం ఒరిగి నిలబడింది.

డ్వేన్ చాలాసేపు చక్రాల వైపు చూశాడు.

"మిస్ వసూ, ఆ నిమ్మకాయలు ఏ వైపు పెట్టారు?"

"రెండు వైపులా."

"దిగింది ఎడమవైపే" అన్నాడు, విషయాన్ని నమోదు చేసుకుంటున్నట్టు.

ప్రసాద్ నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "ఒక్క రిక్వెస్ట్ మేడం. రిపోర్ట్‌లో నిమ్మకాయల సంగతి మెన్షన్ చేయకండి. మా హెడ్ ఆఫీస్‌లో ఆల్రెడీ నన్ను అదోలా చూస్తారు" అన్నాడు.

మిస్ లొరెయిన్ వరండా దిగి వచ్చింది. ఇంజన్‌ను, బురదను, నన్ను వరసగా చూసి, "నీళ్లు పోయలేదని చెప్పాను కదా తల్లీ" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. లేకపోవడం వల్ల ఇంకా ఇబ్బందిగా అనిపించింది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను సంతకం పెట్టిన మార్గంలో ఇంజన్ పట్టా తప్పడం అదే మొదటిసారి.

ఆవిడ నన్ను ఇంటి వెనక గట్టు మీదికి తీసుకెళ్లింది. పైన ఎవరో కొత్త రోడ్డు వేసినప్పుడు వాగు కాలువను పూడ్చేశారట. అప్పటి నుంచి నీరు నేల లోపలి నుంచి దారి చేసుకుని సరిగ్గా ఆవిడ పాదు కిందికి వస్తోంది. తూము ఉన్నచోట నీరు లేదు, నీరు ఉన్నచోట తూము లేదు.

చక్రాన్ని మళ్లీ పట్టా ఎక్కించడానికి ఇనుముతో చేసిన వాలు దిమ్మలుంటాయి. మా వాళ్లు వాటిని కప్పలంటారు. కప్పల మీదుగా ఇంజన్‌ను ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. తర్వాత మిగిలింది రిపోర్టు. అందులో కారణం అని ఒక గడి ఉంటుంది. మా జనరల్ మేనేజర్ ఫోన్ చేసి, అనుకోని వర్షం అని రాస్తే సరిపోతుందేమో ఆలోచించమన్నారు. అప్పటికి మూడు వారాలుగా చినుకు లేదు. ఆయన అబద్ధం రాయమనలేదు, గడి చిన్నదని మాత్రం గుర్తుచేశారు. పట్టాల కింది నేలలో నీరు చేరిందని, తనిఖీలో దాన్ని పట్టుకోలేదని, తనిఖీ చేసింది నేనేనని రాశాను. ఆ మాటలు గడిలో సరిపోయాయి. ఆయన అనుమతి తీసుకుని నకలు ఒకటి ప్రసాద్‌కు కూడా పంపాను.

గంటలో ఫోన్ వచ్చింది.

"ఇది చూస్తే మావాళ్లు ట్రక్ యార్డ్‌కే ఓటేస్తారు మేడం. కొంచెం సాఫ్ట్‌గా రాయొచ్చు కదా?"

"కింద నేల సాఫ్ట్‌గా ఉండబట్టే ఇదంతా, ప్రసాద్ గారూ. కాగితం కూడా ఎందుకు?"

అవతల ప్రసాద్ నవ్వాడు.

"సరే. దాస్తే మీ మీద నమ్మకం పోయేది. ఇప్పుడు ఎన్ని రోజులు కావాలో చెప్పండి."

"పది."

"నేను పన్నెండు అడుగుతాను. మీరు పదిలో చేస్తే ఇద్దరికీ మంచి పేరు."

వాళ్ల హెడ్ ఆఫీసు పన్నెండు రోజులు ఇచ్చింది. ఎలా ఒప్పించాడో నేను అడగలేదు. ఆ భాగంలో పట్టాలు విప్పి, బురదంతా తవ్వి తీసి, అడ్డంగా కొత్త పైపు వేసి, మట్టి పైకి రాకుండా మందపాటి గుడ్డ పరిచి, దాని మీద కంకర పోశాం. పైపు ఎక్కడ వేయాలో డ్రాయింగు చూసి కాదు, వరండాలో ఐస్ టీ తాగుతూ మిస్ లొరెయిన్ వేలు చూపిన చోట వేశాం. రెండుసార్లు ఇంకొంచెం ఎడమకు జరపమంది. రెండుసార్లూ ఆవిడ చెప్పిందే నిజమైంది. అవతలి వైపు నీరు పోవడానికి తవ్విన కాలువ ఆవిడ కొత్త టమాటాల పక్కనుంచి వెళ్లింది. అలా వెళ్లాలని నేనే గీశాను. ఇంజినీరింగ్ పరంగా వేరే దారీ ఉంది. ఇదీ తప్పు దారి కాదు.

పదకొండో రోజు ఉదయం మొక్కజొన్న రైలు జంక్షన్ నుంచి కదలడానికి సిద్ధమైంది. ప్రసాద్ ఈసారి కొబ్బరికాయ ఒక్కటే తెచ్చాడు. నిమ్మకాయలేవని డ్వేన్ అడిగాడు. పోయినసారి జరిగింది చూశాక ధైర్యం చాలలేదని ప్రసాద్ ఒప్పుకున్నాడు. డ్వేన్ తన ట్రక్కు దగ్గరికి వెళ్లి, కిరాణా దుకాణం సంచిలోంచి నాలుగు నిమ్మకాయలు తెచ్చి తనే చక్రాల కింద పెట్టాడు. పోయినసారి ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అన్నది అతని వాదన.

తొమ్మిదో మైలు దగ్గర నేను పట్టాకు పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాను. నిండు వ్యాగన్లు ఒక్కొక్కటే దాటుతుంటే స్లీపర్ కదలికను స్కేలుతో కొలిచాను. దాదాపు కదల్లేదు. చివరి వ్యాగన్ దాటాక లేవబోతే డ్వేన్ చెయ్యి అందించాడు.

ఆ మార్గం మీద ఇప్పుడు వారానికి రెండు రైళ్లు నడుస్తున్నాయని ప్రసాద్ చెబుతుంటాడు. నేను మిగిలిన రెండేళ్లు ఆ కంపెనీలోనే పనిచేసి రిటైరయ్యాను. ఆ రెండేళ్లలో నేను చేసిన మార్పు ఒక్కటే. మా తనిఖీ ఫారంలో పట్టా, స్లీపర్, కంకర, తూము అని గడులుండేవి. వాటి కింద ఇంకొక గడి చేర్పించాను: మార్గం పక్కన నివసించేవారిలో ఎవరితో మాట్లాడారు, వారేమన్నారు. మొదట్లో మా ఇన్‌స్పెక్టర్లు అక్కడ 'ఎవరూ లేరు' అని రాసి పంపేవారు. ఆ ఫారాలను నేను వెనక్కి పంపేదాన్ని. ఒక రైలు మార్గం పక్కన పదమూడు మైళ్ల పొడవునా ఎవరూ లేకపోవడం ఇంతవరకు నేను చూడలేదు.