సుభాషిణి గారు సంతకం పెట్టిన ఉత్తరం

కాలిన ప్లాస్టిక్ వాసన ఓ పట్టాన పోదు. మొన్న గోపన్‌పల్లిలో ఉరుములతో వాన పడి, మా ఇంట్లో ఇంటర్నెట్ మోడెం మాడిపోయింది. కిటికీలన్నీ తెరిచి పెట్టినా రెండు రోజులు ఇల్లంతా అదే వాసన. కంపెనీ ఆఫీసుకు వెళ్లి కొత్తది తెచ్చుకున్నాను. గోడలోంచి వచ్చే కేబుల్‌ను దాని వెనక తిప్పి బిగించి, ప్లగ్గు పెట్టి, నా పేరు మీద నమోదు చేయించడానికి ఫోన్ చేశాను. ఈ అంకె నొక్కండి, ఆ అంకె నొక్కండి అంటూ రికార్డు చేసిన గొంతు చాలాసేపు తిప్పింది. విసిగిపోయి పెట్టేద్దామనుకునేసరికి ఒక అమ్మాయి పలికింది. మోడెం తిరగేసి, అడుగున అంటించిన కాగితం మీది నంబరును, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ ఒక్కొక్కటే ఆగి ఆగి చదివాను. మళ్లీ ఆమె చేత చదివించుకున్నాను. “మేడం, మీరు ఇంతకుముందు ఈ పని చేశారా?” అని నవ్వింది. “చేసిన తల్లీ” అన్నాను. పావుగంటలో నెట్ వచ్చింది. నేను మాత్రం ఆ మోడెం పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. సుభాషిణి గారు గుర్తొచ్చారు.

అయిదేళ్ల క్రితం నేను మాదాపూర్‌లో ఒక ఇంటర్నెట్ కంపెనీ కాల్ సెంటర్‌లో పనిచేసేదాన్ని. మోడెం మార్చుకున్నవాళ్లు ఫోన్ చేస్తే, వాళ్ల ఖాతాలోంచి పాత నంబరు తీసేసి కొత్తది ఎక్కించడం మా పని. మా జట్టుకు పెద్ద సుభాషిణి గారు. తెనాలి వైపు మనిషి. యాభై దాటిన వయసు, మోకాళ్ల నొప్పులు, ఎప్పుడూ కొంచెం అలసినట్టుండే గొంతు. మాలో అందరికన్నా చిన్నవాళ్లను కూడా ‘మీరు’ అనే పిలిచేవారు. కాల్ ఎంత తొందరగా ముగిస్తే మాకు అంత మంచి పేరు. ఆవిడ మాత్రం మా కుర్చీల వెనక నిలబడి, “రజిత గారూ, నంబరు కొట్టాక ఒకసారి తిరిగి చదివి వినిపించండి. అవతలివాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి” అనేవారు. నేను సరేనని తల ఊపేదాన్ని. ఆవిడ అటు తిరగగానే మానేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఎవరో చెప్పిన నంబరులో ఎనిమిది బదులు ‘బి’ కొట్టాను. ఈ మోడెం ఇప్పటికే వేరొకరి ఖాతాలో ఉంది, మార్చాలా అని కంప్యూటర్ అడిగింది. అంత స్పష్టంగా అడిగింది. అప్పటికి ఆ రోజు ఎన్ని కాల్స్ తీసుకున్నానో నాకే తెలియదు, చెవులు రెండూ మంటగా ఉన్నాయి. చదవకుండానే ‘అవును’ నొక్కాను. ఆ క్షణాన లింగంపల్లిలో ఒక ఇంట్లో మౌనిక అనే అమ్మాయి ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ ఇస్తోంది. మాట మధ్యలో తెర ఆగిపోయింది. ఆమె మాకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా, మీ ఖాతాలో మోడెం ఏదీ లేదనే జవాబే వచ్చిందట. మూడో రోజు ఆ ఫిర్యాదు సుభాషిణి గారి దగ్గరికి చేరింది. నంబరు మార్చినవాళ్ల పేరు దగ్గర నా పేరు ఉంది.

కనెక్షన్ వెంటనే సరిచేశారు. సాంకేతిక లోపం అని రాసి ఫిర్యాదు మూసేయొచ్చు, అందరూ చేసేది అదే. ఆవిడ నన్ను పక్కకు పిలిచి, “సాయంత్రం ఖాళీయేనా అండి? వాళ్లింటికి వెళ్దాం” అన్నారు. “ఫోన్‌లో చెప్త మేడం” అన్నాను. “ఫోన్‌లో మూడు రోజులు చెప్పాం కదండీ వాళ్లకి” అన్నారు. హైటెక్ సిటీ స్టేషన్ మెట్లు కమ్మీ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కారు. ఎంఎంటీఎస్ రైల్లో దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. తిడితే బాగుండుననిపించింది నాకు.

తలుపు తీసింది మౌనిక తల్లి లక్ష్మమ్మ. ఏదో ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసి అప్పుడే వచ్చినట్టుంది, ఇంకా యూనిఫాం మీదే ఉంది. విషయం చెబితే, “మా పొల్ల మూడు దినాలసంది అన్నం సుత సక్కగ తింటలేదు” అని మాత్రం అంది. నేను మౌనికతో పని ఒత్తిడి గురించి ఏదో మొదలుపెట్టాను. సుభాషిణి గారు నా చేయి మెల్లగా నొక్కారు. ఆపేసి, “తప్పు నాదే చెల్లె. సారీ” అన్నాను. ఆ అమ్మాయి నా వైపు చూడకుండా, “సారీ అంటే నా ఇంటర్వ్యూ మళ్ల వస్తదా అక్కా?” అంది. సుభాషిణి గారు అక్కడే కుర్చీలో కూర్చుని, ఇంటర్వ్యూ ఏ కంపెనీది, ఎవరికి రాయాలి అని అడిగి చీటీ మీద రాసుకున్నారు.

మర్నాడు మా కంపెనీ కాగితం మీద ఆవిడ ఉత్తరం రాశారు. అంతరాయం మా పొరపాటు వల్ల జరిగింది, ఆ అమ్మాయి తప్పు ఏమాత్రం లేదు, దయచేసి మరొక అవకాశం ఇవ్వండి. కింద తన సంతకం. నా పేరు ఎక్కడా లేదు. మౌనికను వాళ్లు మళ్లీ పిలిచారు. కానీ ఆ ఉద్యోగం రాలేదు. మా ఆఫీసులో మాత్రం, తప్పును రాతపూర్వకంగా ఎలా ఒప్పుకున్నారని పైవాళ్లు గొడవ చేసి, సుభాషిణి గారిని జట్టు పెద్ద పదవి నుంచి తీసేశారు. ఆ వయసులో మళ్లీ హెడ్‌సెట్ పెట్టుకుని నా పక్క కుర్చీలో కూర్చుని కాల్స్ తీసుకున్నారు. “నా వల్లనే గదా మేడం ఇదంతా” అని ఏడిస్తే, “తప్పు మీదండి, ఉత్తరం నాది. రెండూ కలపకండి” అన్నారు. అంతలో ఆవిడకు కాల్ వచ్చింది. “నమస్కారం అండి, చెప్పండి” అని అటు తిరిగిపోయారు.

ఆ ఏడాది చివర ఆవిడ ఉద్యోగం మానేశారు. తర్వాత నేనూ మానేసి ఒక ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ల కౌంటర్‌లో చేరాను. రెండేళ్లకు ఒకరోజు లింగంపల్లి స్టేషన్ బయట కనిపించారు. చేతికర్ర పట్టుకుని ఉన్నారు. నా చేయి పట్టుకుని మొదట అడిగిన మాట, “ఆ అమ్మాయికి ఎక్కడైనా ఉద్యోగం దొరికిందా అండి?” అని. నేను బిక్కమొహం వేశాను. సారీ చెప్పి వచ్చాక ఆ పిల్ల ఏమైందో నేను ఒక్కసారీ అడగలేదు. “తెల్వదు మేడం” అన్నాను. ఆవిడ నా చేయి వదిలారు. ఆటో వస్తే ఎక్కి వెళ్లిపోయారు.

నేను ఇంటికి పోకుండా మౌనిక వాళ్లుండే సందు వెతుక్కుంటూ వెళ్లాను. లక్ష్మమ్మ నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. “ఇన్ని దినాలకు యాదికొచ్చినమా?” అని నవ్వి లోపలికి పిలిచింది. మౌనిక జీడిమెట్లలో మందుల కంపెనీ ల్యాబ్‌లో చేస్తోందట. “పొద్దుగాల్నే బస్సు. బాగ అలిసిపోతది గని, మంచిగనే ఉన్నది” అంది. గుమ్మం దాటగానే సుభాషిణి గారికి ఫోన్ చేసి చెప్పాను. “అమ్మయ్య” అన్నారు.

కౌంటర్‌లో తప్పులు ఇప్పుడూ చేస్తాను. రోజంతా మాట్లాడి మాట్లాడి, ఇంటికి వచ్చేసరికి నాతో నేను మాట్లాడుకునే ఓపిక కూడా ఉండదు. కిందటి వారం ఒక పెద్దాయనకు డాక్టరు వచ్చే సమయం తప్పు చెప్పాను. పాపం, పొద్దుటి నుంచి బెంచీ మీద కూర్చున్నాడు. సారీ చెప్పి, డాక్టరు గది దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టి, డ్యూటీ దిగి వచ్చేశాను. బస్సులో సీటు దొరికింది, కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా ఫోన్ తీసి, కౌంటర్‌లో రాసుకొచ్చిన ఆయన నంబరుకు చేశాను.

“తాతా, ఆసుపత్రి కౌంటర్ కాడి రజితను. డాక్టరు చూసిండా?”

“చూసిండు బిడ్డా. భయమేం లేదన్నడు” అన్నాడాయన. అంతటితో పెట్టేయకుండా, “నీ గొంతేంది గట్లున్నది? తిన్నవా?” అన్నాడు.