బురదలో నడిచే కాలు

2022 చలికాలం. మెట్టుగూడలో రైల్వే క్వార్టర్లు దాటాక వచ్చే గల్లీలో మా కృత్రిమ అవయవాల సెంటర్. ముందు గదిలో కొలతలు తీసుకుంటాం, నడక నేర్పిస్తాం. వెనక షెడ్డులో తయారీ. నేను ప్రాస్థెటిస్టును, అంటే కాలో చెయ్యో పోయినవాళ్ళకు కొత్తది చేసి అమర్చేదాన్ని. చూసేవాళ్ళు పాదాన్ని చూసి మెచ్చుకుంటారు గానీ మా అసలు కష్టమంతా సాకెట్‌లో ఉంటుంది. మిగిలిన కాలు వెళ్ళి కూర్చునే గిన్నె లాంటిది అది. వదులైతే ఊడిపోతుంది, బిగుతైతే పుండు పడుతుంది.

గ్రేస్ టీచర్ సీతాఫల్‌మండిలో ఒక స్కూల్లో సైన్స్ చెప్పేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. రోడ్డు ప్రమాదంలో కుడికాలు మోకాలి కింద తీసేశారు. మేము అమర్చిన కాలుతో ఆమె చాలా తొందరగా నడిచారు. మెట్లెక్కి మళ్ళీ క్లాసులు చెప్పడం మొదలుపెట్టారు. నా లెక్కలో ఆ కేసు అయిపోయినట్టే.

ఒక సోమవారం భర్త ప్రభుదాస్ గారిని వెంటబెట్టుకొని వచ్చారు. కాలు తీసి నా బల్ల మీద పెట్టారు. మడమ సందుల్లో ఎండిన నల్లమట్టి.

"ఇది పని చెయ్యట్లేదు మాధవి గారూ" అన్నారు.

"ఏమైంది టీచర్?"

"చెరువులో నడుస్తుంటే కాలు బురదలో ఉండిపోయింది. నేను ముందుకు పడిపోయాను. ఈయన రెండు చేతులా పట్టి లాగితే గానీ రాలేదు."

మెదక్ వైపు ఒక చెరువుంది. అవతలి సగం పక్షుల రక్షిత ప్రాంతం. ఇవతలి ఒడ్డున గాలం వెయ్యనిస్తారు. పెళ్ళయినప్పటి నుంచి ప్రతి చలికాలం ఇద్దరూ అక్కడికి పోయేవారట. ఆయన గాలం వేసుకొని కూర్చుంటే ఆమె బైనాక్యులర్‌తో పక్షులను చూసేవారు. బురద దాటితే జమ్ముగడ్డి పక్కన ఒక బండ ఉంది. అదే వాళ్ళ చోటు.

"ఈ కాలు సాఫు నేల కోసం చేసింది టీచర్. బురదల ఇట్లనే అయితది. గట్టు మీద కుర్చీ వేస్కొని చూడరాదు?"

ఆమె ముఖం ఎర్రబడింది. "గట్టు మీంచి కొంగలు కనిపిస్తాయి. జమ్ములో దాక్కునేవి కనిపించవు. ఈయన సంగతి చెప్పనా? నేను రాకపోతే తనూ వెళ్ళరట. గాలాలన్నీ అటక మీద పెట్టేశారు. నాకు పోయింది ఒక కాలు. చెరువు ఎందుకు పోవాలి?"

ప్రభుదాస్ గారు తల వంచుకొని కూర్చున్నారు. "ముందు ఆ జాగ చూస్తా" అన్నాను.

మరుసటి ఆదివారం వాళ్ళ కారులోనే వెళ్ళాం. నీళ్ళ మీద మంచు ఇంకా విడలేదు. ఎక్కడో బాతుల గుంపు రెక్కలు తపతపలాడించింది. గట్టు దిగి నాలుగడుగులు వేశానో లేదో, బురద నా చెప్పును పట్టేసింది. అప్పుడు అర్థమైంది. కాలు దిగడం కాదు కష్టం, పైకి తియ్యడం. పాదం కింద గాలి చొరబడదు కాబట్టి బురద కిందికి గుంజుతుంది. మామూలు సస్పెన్షన్, అంటే కాలు ఊడకుండా పట్టి ఉంచే ఏర్పాటు, ఆ గుంజుడుకు ఆగదు.

నేను మళ్ళీ గట్టెక్కాక టీచర్ బైనాక్యులర్ నాకిచ్చి, "ఆ ఊదారంగు నీటికోడిని చూడండి. పాదాలు చూడండి" అన్నారు.

అది బురద మీద తీరిగ్గా నడుస్తోంది. పాదం మోపినప్పుడు పొడుగాటి వేళ్ళు విచ్చుకుంటున్నాయి. లేపేటప్పుడు ముడుచుకుంటున్నాయి.

"మోపితే వెడల్పు, లేపితే సన్నం" అన్నారు టీచర్. "చెయ్యగలరా?"

"చేస్తా" అన్నాను. ఎట్లాగో అప్పటికి నాకు తెలియదు.

మా షెడ్డులో టెక్నీషియన్ యాదగిరి నేను గీసిన బొమ్మ చూసి, "ఏందీ మేడం గిది, కాలా, బాతు పాదమా?" అని నవ్వాడు. నవ్వుతూనే పని షురూ చేశాడు. ముందు పాదం రెండు పక్కలా, తలుపులకు ఉండేలాంటి బందులతో రెక్కలు పెట్టాం. బందుల్లోకి మట్టి చేరి రెక్కలు బిగుసుకుపోయాయి. రెండోసారి బందులు తీసేసి, మందపాటి రబ్బరు రెక్కలు కిందికి మాత్రమే వంగేట్టు అతికించాం. కాలు ఊడకుండా మోకాలి మీదికి రబ్బరు తొడుగు, దాని పైన నడుముకు బెల్టు. షెడ్డు వెనక గుంత తవ్వి, నీళ్ళు పోసి తొక్కి, టీచర్‌ను అందులో నడిపించాం. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఆమె పట్టించుకోలేదు.

తడికి సాకెట్‌లో చర్మం ఒరుసుకొని పుండు పడింది. నాకు భయం వేసింది. చీము పడితే మిగిలిన కుడికాలు కూడా ఇంకొంత తియ్యాల్సి వస్తుంది. "ఇగ ఆపేద్దాం టీచర్" అన్నాను.

"మానేదాకా ఆపుదాం. మానాక మళ్ళీ మొదలు" అన్నారు.

పుండు మానింది. సాకెట్ అంచును మళ్ళీ చెక్కి మెత్తచేశాం. చలికాలం అయిపోవచ్చి, వలస బాతులు తిరిగిపోయే రోజుల్లో, ఈసారి యాదగిరిని కూడా తీసుకొని, మళ్ళీ చెరువుకు వెళ్ళాం.

ఊతకర్ర పట్టుకొని టీచర్ బురదలోకి దిగారు. ప్రభుదాస్ గారు వెనకే రాబోతే, "మీరు అక్కడే ఉండి గాలం వేసుకోండి" అన్నారు. ఆయన గాలం వేశారు గానీ చూపంతా ఆమె మీదే. సగం దూరంలో కాలు దిగబడింది. ఆమె ఒకసారి లాగారు. రాలేదు. ఆయన లేచి నిలబడ్డారు.

"రావద్దు!" ఆమె వెనక్కి తిరగకుండానే అరిచారు.

గుంతలో నేర్పినట్టు మడమను ముందు కదిలించారు. బరువు ఎడమ కాలి మీదికి మార్చి, మెల్లగా పైకి తీశారు. బురద చప్పున వదిలింది. రెక్కలు ముడుచుకొని పాదం పైకొచ్చింది. నా పక్కన యాదగిరి "శభాష్!" అని గట్టిగా అన్నాడు. జమ్ములోంచి రెండు కొంగలు లేచిపోయాయి.

ఆమె బండ చేరి కూర్చున్నారు. ముఖం తుడుచుకొని బైనాక్యులర్ అందుకున్నారు. ఇక్కడ ఒడ్డున చేప గుంజుతుంటే గాలం కర్ర జారి నీళ్ళలోకి పోతోంది. ప్రభుదాస్ గారు చూడలేదు. ఆయన ఏడుస్తున్నారు. యాదగిరి పరుగెత్తి కర్ర పట్టుకున్నాడు గానీ చేప తప్పించుకుపోయింది.

అంతకుముందు నేను మనిషి కాలిని కొలిచేదాన్ని, ఆ మనిషి తిరిగే నేలను అడిగేదాన్ని కాదు. మా గదిలో పట్టుకొని నడవడానికి పెట్టిన రెండు కడ్డీల మధ్య తడబడకుండా నడిస్తే చాలనుకునేదాన్ని. ఇప్పుడు టేపు తియ్యకముందే అడుగుతాను, ఈ కాలుతో ఎక్కడికి పోవాలె అని. మొన్న పద్మారావు నగర్ నుంచి ఇస్త్రీ బండి ఆయన వచ్చాడు. "యాడికీ పోను మేడం, పొద్దంతా బండి కాడ నిలబడాలె" అన్నాడు. నడిచే కాళ్ళు చాలా చేశాం. నిలబడే కాలు ఎట్లా ఉండాలో ఇప్పుడు నేనూ యాదగిరీ కూర్చొని ఆలోచిస్తున్నాం.