పసుపు బొట్టు పెట్టిన తుపాకి

మా అక్క పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు గుర్తుకొచ్చింది మా బావ ఆమెకిచ్చిన మాట. ఆమె ముఖం ఆ తర్వాత వచ్చింది. ఆ వరుసకు నేను సిగ్గుపడటం లేదు. ఎనభైకి దగ్గరపడ్డవాణ్ని, ఇక ఎవరి మొహమాటం కోసమూ రాయను.

మాట ఇదీ. నందిపేట్ దిక్కు వాళ్ల మక్కజొన్న చేన్లను అడవిపందులు కుమ్మేస్తున్నాయని, పంటను కాపాడుకోవడానికి బావ తుపాకి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఒంటి గొట్టం తుపాకి. అది ఇంటికి రాకముందే, కల్లంలో ఎండుతున్న పసుపు రాశి మీద అక్క అతని చెయ్యి పెట్టించింది. నేను పక్కనే ఉన్నాను.

"నిజామాబాదుకు పోయి, పోలీసోళ్ల కాడ నేర్చుకున్నంకనే ముట్టుకుంట," అన్నాడు బావ.

"పసుపు ముట్టి చెప్పు."

"ముట్టిన కదనే! ఇగ మునగమంటవా ఏంది?"

అందరం నవ్వాం. అతను నిజామాబాదుకు పోలేదు. వరికోతలన్నాడు, పసుపు తవ్వకాలన్నాడు, చివరికి "కట్టె పట్టుకునుడు ఎవలన్న నేర్పిండ్రా? గిది గూడ గంతే," అన్నాడు.

అక్క నాకంటే పెద్దది. ఆర్మూర్‌లో గది తీసుకుని నేను చదువుకున్నన్నాళ్లూ బస్సులో సద్ది పంపింది ఆమే. నేను చదివిన పుస్తకాలన్నీ ఆ సద్ది తిని చదివినవే. ఆమెకు అక్షరం రాదు. పోయినప్పుడల్లా "తమ్మీ, గా బుక్కుల ఏమున్నదో జర చెప్పు" అని పసుపు ఏరుతూ కూర్చునేది. ఒకసారి పురాణం చెప్పాను. పూర్వం అస్త్రం ఇచ్చే గురువు దాన్ని విడిచే మంత్రంతో పాటు వెనక్కి పిలిచే మంత్రం కూడా నేర్పేవాడని, అది రానివాడి చేతిలో అస్త్రం లోకానికే చేటని చెప్పాను. ఆమె కొమ్ము విరిచి రంగు చూస్తూ, "మరి మీ బావకు ఏ గురువు చెప్పిండు?" అంది. బావ మంచం మీద నుంచే, "పందికి మంత్రాలేందే!" అన్నాడు.

మరుసటి ఏటి దసరాకు నాగలి, మోటారు, కొడవళ్లతో పాటు తుపాకిని కూడా పూజలో పెట్టారు. మా వైపు పూజలో ఖాళీ చేట పెట్టరు, ఖాళీ గిన్నె పెట్టరు. చేటలో గుప్పెడు గింజలైనా పోస్తారు. తుపాకి ఖాళీగా ఉంటే లక్ష్మి నిలవదని బావ దానిలో ఒక తూటా పెట్టాడు. నాలుగు రోజులు నేర్చుకున్నవాడెవడూ చెయ్యని పని అది. అక్కకు ఆ సంగతి తెలియదు. గొట్టానికి పసుపు రాసింది, కుంకుమ బొట్టు పెట్టింది, బంతిపూల దండ వేసింది. మర్నాడు దండ తీయబోతే దారం ట్రిగ్గర్‌కు చిక్కుకుంది. ఒక చేత్తో గొట్టం మొన పట్టుకుని, రెండో చేత్తో దారం లాగింది.

కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

దవాఖానలో ఆమె చెప్పింది వేరు. పసుపు పాలిష్ పట్టే డ్రమ్ములో చెయ్యి పడిందని చెప్పింది. డాక్టరు ఈ ప్రాంతపు మనిషే. "దసరాకు పాలిష్ ఎక్కడిదమ్మా? పసుపు ఇంకా భూమిలనే ఉన్నది కద," అన్నాడట.

"డ్రమ్ము కడుగుతున్న సారూ," అంది అక్క.

ఆయనకు అర్థమైంది. అర్థమైనా ఊరుకున్నాడు. నేను చేరేసరికి అంతా అయిపోయింది. పోలీసులకు నిజం చెబుతానని లేస్తే అక్క ఎడమచేత్తో నా చొక్కా పట్టుకుంది. "లైసెన్సు పోతది, కేసైతది. నా సంసారం రా తమ్మీ. కూసో." బావ గోడకానుకుని పిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు నిజమే. కానీ అది ఆగాక అతను చేసిన మొదటి పని, తుపాకి తుడిచి మళ్లీ కొయ్యకు తగిలించడం.

ఆ తర్వాత అక్క ఎడమచేత్తో బతకడం నేర్చుకుంది. కొమ్ము విరవడానికి రెండో చెయ్యి లేక పళ్లతో విరిచేది. పళ్లు పచ్చబడితే "నాకు బంగారు పండ్లు కట్టిచ్చిండు మీ బావ" అని నవ్వేది. ఎగతాళే, కానీ ఆ ఇంట్లో బావను ఎత్తిపొడిచే హక్కు తనకొక్కదానికే ఉందన్నట్టు అనేది. అదే మాట నేనంటే ఊరుకునేది కాదు. పిల్లలు ఆటల్లో కట్టెపుల్ల ఎవరిమీదికైనా గురిపెడితే, ఎంత పనిలో ఉన్నా వచ్చి ఆ పుల్ల మొన నేలకు తిప్పి పోయేది.

ఆమె మాట ఒకటి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పసుపు ఉడకబెట్టే పొయ్యి దగ్గర చెప్పింది. "కొమ్ము ఉడికిందా లేదా అని పుల్ల గుచ్చి చూస్తరు. ఉడకంది దించరు. తుపాకి ఇచ్చేటప్పుడు మనిషిని ఎందుకు చూడరు తమ్మీ?" ట్రాక్టరు నడిపేవాడితో కూడా ఎనిమిది అంకె తిప్పించి చూస్తారు కదా అని నేను అందుకున్నాను. అందుకుని ఏం లాభం? వినేవాడు వినాలి.

మొన్న నేను దవాఖానకు చూడబోయినప్పుడు, ఊపిరి ఆడని స్థితిలో కూడా అక్క బావను దగ్గరికి పిలిచింది. "నాకు నువ్వేం చెయ్యొద్దు. పిల్లగాడు నేర్చుకునేదాంక గా తుపాకి ఆని చేతికియ్యకు." పిల్లగాడంటే నలభై దాటిన వాళ్ల కొడుకు, నా మేనల్లుడు. బావ తల ఊపాడు. ఆ తల ఊపు నాకు తెలుసు.

దినవారాలు ఇంకా కాలేదు. అక్క ఫోటో ముందు దీపం ఉంది. మేనల్లుడి భుజాన తుపాకి ఉంది.

"ఎక్కడికిరా?"

"చేను కాడికి మామా. రాత్రి పందులు పడ్డయి."

"నేర్చుకున్నవా?"

"కాగితం వచ్చింది మామా. ఇప్పుడు ట్రైనింగ్ కాగితం లేంది లైసెన్సు నా పేరు మీదికి రాదు కద."

"కాగితం సంగతి కాదు. ఒక్కనాడన్న ఎవలన్న పక్కన నిలబడి నేర్పిండ్రా?"

"ఫోన్ల వీడియోలు చూసిన. మస్తుగున్నయి."

బావ వైపు తిరిగాను. "ఆమెకు మాటిచ్చినవ్ కద బావా?"

"ఇచ్చిన. పందులకు ఇయ్యలే," అన్నాడు. "నువ్వు బుక్కులు చదువుకుంట కూసుంటవ్ బామ్మర్దీ. మాకు పంట పోతది. నేర్చుకున్న జవాన్ల చేతుల పేలలేదా? రాసి పెట్టి ఉంటే ఎట్లయినా అయితది."

పంట పోతుందన్నది అబద్ధం కాదు. ఆ పొద్దున్నే నేనూ అటు పోయి చూశాను, సగం చేను నేలమట్టమై ఉంది. నేర్చుకున్నవాడి చేతిలోనూ పేలుతుందన్నదీ అబద్ధం కాదు. కానీ నేర్చుకున్నవాడు తుపాకిని చేటతో జమ కట్టి నింపి పెట్టడు. ఈ మాట ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగానూ చెప్పాను. ఫిర్యాదు చేస్తానన్నాను. "చెయ్యి. అక్క ముప్పై ఏండ్లు అబద్ధమాడిందని గూడ చెప్పు," అన్నాడు బావ. తీసిన ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకున్నాను. మేం నలుగురం కూర్చునే ఆ ఇంట్లో అతనికి ఎదురు చెప్పగలిగేది ఆమె మాత్రమే, ఆమే లేదు.

మేనల్లుడు బండి స్టార్ట్ చేశాడు. ట్యూషన్ దగ్గర దింపమని అతని చిన్న బిడ్డ వెనక ఎక్కింది. తుపాకి అతని వీపు మీద అడ్డంగా ఉంది. బండి కదిలేసరికి, పట్టుకోవడానికి ఇంకేమీ అందక, ఆ పిల్ల రెండు చేతులతో గొట్టం పట్టుకుంది. నేను అరుస్తూ గేటు దాకా పరుగెత్తాను. ఈ కాళ్లతో ఎంత దూరం పోగలను? బండి మూల తిరిగేదాకా ఆ రెండు చేతులూ గొట్టం మీదే కనిపించాయి.

వెనక్కి చూస్తే బావ అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించుకుంటున్నాడు. అడవిపందుల్ని అనను, తలరాతను అనను, చట్టాన్ని కూడా అనను. మా బావ ముత్తెన్నను అంటాను.